ఆరు గంటలకి అందరూ వచ్చేశారు

నా తమ్ముడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. వాడు వచ్చాడని రాసినదాన్ని నేను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడైనా చెప్పగలుగుతున్నానంటే ఆ గంగమ్మ తల్లి దయ.

నేను బడికి వెళ్ళలేదు. అమ్మకి వరసగా కాన్పులు, ఇంట్లో పనికి ఒక మనిషి కావాలి, ఆ మనిషిని నేనే. నాన్న ఈ దీవుల హార్బర్లో ఖలాసీ, ఓడల సరుకు దించే కూలీ. డ్యూటీ దిగి వచ్చాక, ఓడలోంచి దించిన చెక్కపెట్టెల మీద అచ్చేసిన అక్షరాలు చూపించి ఇంగ్లీషు నేర్పాడు. హిందీ రేడియో నేర్పింది. తెలుగు, అమ్మ పెళ్ళినాడు భీమిలి వైపు నించి తెచ్చుకున్న పూజల పుస్తకం నేర్పింది. దాంట్లో చిరిగిపోయిన పేజీల్లో ఉన్న దేవుళ్ళకి నేనిప్పటికీ సరిగ్గా దండం పెట్టలేను. మూడు భాషలు చదవగలను, ఒక్క సర్టిఫికెట్టు లేదు. అమ్మ పోయేసరికి తమ్ముడికి నాలుగేళ్ళు. వాణ్ణి నా చంకన పెట్టుకునే పెంచాను.

వాడు పెద్దవాడై వేటకెళ్ళడం మొదలుపెట్టాక, వాడి డింగీకి, అదే చిన్న పడవకి, నంబరు వేయించడానికి గోల్ ఘర్‌లో పడవల సొసైటీ ఆఫీసుకి వెళ్ళాను. లైన్లో నా ముందున్న ముగ్గురి ఫారాలు నేనే నింపి పెట్టాను. సెక్రటరీ సారు అది చూశారు.

"ఏం చదివావమ్మా?"

"ఇంట్లో చదువుకున్నాను సార్."

ఆయన నవ్వారు. "ఇంటి చదువుకి ఇంటి పని వస్తుంది. సర్లే, కూర్చో, చూద్దాం."

అలా కూర్చున్నాను. ఆ కుర్చీ ఇచ్చినందుకు రోజూ పొద్దున్న దీపం దగ్గర ఆయన పేరు కూడా తలుచుకునేదాన్ని. ఎవరైనా పెద్దమనుషులు వస్తే ఆయన నన్ను చూపించి, "మా స్కూల్ లేని ఇంజినీరు" అనేవారు. వాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అది వెక్కిరింత అని తెలుసు. అయినా కుర్చీ కుర్చీయే కదా.

ఇంజినీరు అనడానికి కారణం ఉంది. సొసైటీ మెయిన్‌లాండ్ కంపెనీ ఒకదాని దగ్గర ఓ సాఫ్ట్‌వేర్ తీసుకుంది. పెద్ద పెద్ద కంపెనీలు తమ పనికి కావలసిన ప్రోగ్రాములు తామే కట్టుకునే ప్లాట్‌ఫాం అది. కోడు రాయడం రాకపోయినా పర్వాలేదు. తెర మీద ఎడం పక్క గళ్ళుంటాయి. పేరు గడి, తారీకు గడి, అవునూ కాదూ గడి. మౌసుతో పట్టుకుని మధ్యలోకి తెస్తే ఫారం తయారవుతుంది. ఇది జరిగితే అది చెయ్యి అని రూలు పెడితే చేస్తుంది. ముగ్గు పెట్టడం వచ్చినదానికి అదేమంత కష్టం కాలేదు. చుక్కలు సరిగ్గా పడితే గీతకి దారి దొరుకుతుంది. నేర్పడానికి వచ్చిన ఇంజినీరు పది రోజులుందామని వచ్చి, నాలుగో రోజు నించి వండూర్ బీచికి వెళ్ళిపోయేవాడు. మిగిలింది నాకు నేనే నేర్చుకున్నాను.

దాంట్లో వేట రిజిస్టర్ కట్టాను. మనవాళ్ళు పొద్దున్నే బయల్దేరే ముందు ఫోన్ చేసి "దీదీ, ఎల్తన్నాం" అంటారు. డింగీ నంబరు, ఎటువైపు, ఎంతమంది. నేను ఎక్కించేదాన్ని. తిరిగి వచ్చే టైముకి ఒక గడి ఉండేది. అది ఎప్పుడూ ఖాళీయే.

ఎందుకంటే మాలో ఆ మాట అడగరు. సముద్రానికెళ్ళే మగవాణ్ణి ఎప్పుడొస్తావని అడిగితే, ఆ అడిగింది గంగమ్మ వింటుంది. ఆడది అసలు అడగకూడదు. చిన్నప్పుడు నేను నాన్నని అడిగితే మా నాయనమ్మ నా నోటి మీద కొట్టింది, పెదవి చిట్లింది. ఆ దెబ్బకి కూడా నేను కోపం పెట్టుకోలేదు. మంచికే కొట్టిందని నమ్మాను.

పాత వెర్షన్‌లో గడి ఖాళీగా ఉన్నా ప్లాట్‌ఫాం ఒప్పుకునేది. తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది. మన దీవుల నెట్టు సంగతి తెలిసిందే, పొద్దున్న మొదలైతే మధ్యాహ్నం భోజనాల దాకా దిగుతూనే ఉంది. సెక్రటరీ సారు కంపెనీ వాళ్ళు పంపిన మెయిల్ ప్రింటు తీయించి గోడకి అంటించారు. ఏమేం బాగుపడ్డాయో అందులో పెద్ద జాబితా. మాకు పనికొచ్చేవి మూడు. ముఖ్యమైన గడులు ఇక ఖాళీగా ఉండవు, నింపితేనే ఫారం ముందుకి వెళుతుంది. రూళ్ళు ఇక మనిషి నొక్కకుండానే గడియారం చూసుకుని నడుస్తాయి. ఒకసారి మూసేసిన ఎంట్రీకి తాళం పడుతుంది, ఎవరూ వేలు పెట్టలేరు. పైగా సముద్రంలో తప్పిపోయినవాళ్ళని వెతికించే హార్బర్ ఆఫీసరు కూడా తన గదిలో కూర్చుని మా తెరే చూడొచ్చు.

"ఇకనించి రిజిస్టర్లో చీకటి లేదు" అన్నారు సారు.

నేను అడగాల్సి వచ్చింది. మర్నాడు ఫోన్ చేసిన ముసలాయనతో, కళ్ళు మూసుకుని, "తాతా, తిరిగి ఎన్నింటికి..." అన్నాను.

"ఏటన్నావు?"

"ఫారం అడుగుతోంది తాతా, నేను కాదు."

"ఆ ఫారానికి మొగుడున్నాడా? ఉంటే ఆణ్ణడగమను. నీ ఇంట్లో మగోళ్ళనడుగు, మమ్మల్నడక్కు." ఫోన్ పెట్టేశాడు. ఇంకొకడు ఆఫీసుకొచ్చి మిషన్ని నీళ్ళలో పారేస్తానన్నాడు. మూడో రోజుకి సగం మంది ఫోన్ చేయడమే మానేశారు.

అందుకని నేనే ఒక దారి చూశాను. ఆ గడిలో ప్లాట్‌ఫాం తనంతట తనే సాయంత్రం ఆరు అని నింపుకునేలా పెట్టాను. ఎవరినీ అడగక్కర్లేదు. ఆచారమూ నిలిచింది, ఫారమూ నిండింది. కానీ వచ్చినవాళ్ళు వచ్చామని ఫోన్ చేస్తారా? చేపలు దించాలి, వల ఆరేయాలి, ఆకలి. ఎవరూ చేయరు. ఆరు దాటగానే రిజిస్టర్ కనిపించే గోడ మీది టీవీలో, ఇంకా రానట్టు వరసలన్నీ ఎర్రబడేవి. మర్నాడు పొద్దుట వరకూ ఎర్రగానే ఉండేవి.

ఒకరోజు హార్బర్ ఆఫీసరు వచ్చి టీవీ చూసి నవ్వాడు. "క్యా సాబ్, మీ బోట్లన్నీ ఒకేసారి మునిగిపోయాయా?"

ఆయన వెళ్ళాక సారు నా మీద పడ్డారు, ఇద్దరు ప్యూన్ల ఎదుట. "ఇంటి చదువు, ఇంటి చదువు అని నెత్తిన పెట్టుకున్నా. నా పరువు తీశావు. రేపటికల్లా ఈ ఎరుపు పోవాలి. ఎట్లా పోతుందో నాకనవసరం."

నేను రూలు పెట్టాను. ఆరు గంటలకి తెరిచి ఉన్న ప్రతి ఎంట్రీ 'వచ్చారు' అని మూసుకోవాలి. గడియారం చూసుకుని తనే నడుస్తుంది కదా, కొత్త వెర్షన్.

భయంతోనే పెట్టానని చెబితే అబద్ధం. 'వచ్చారు' అన్న మాట నాకు మంగళంగా తోచింది. ముందుగా నోట్లో పెట్టుకుంటే మంచే జరుగుతుందనిపించింది, దీవెనలాగ. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ టీవీ చూస్తే పైనుంచి కింద దాకా పచ్చగా ఉండేది. ఆరు గంటలకి అందరూ వచ్చేశారు. చేతులెత్తి తల్లికి దండం పెట్టి మిన్నీ బే బస్సెక్కేదాన్ని. సారు "షాబాష్" అన్నారు. ఎనిమిది నెలలు అలా గడిచింది. ఎనిమిది నెలలూ నిజంగానే అందరూ వచ్చారు. నాకు వాళ్ళ మీద కాదు, తెర మీద నమ్మకం కుదిరింది.

ఆ రోజు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. తోడు వచ్చేవాడికి జ్వరం, ఒక్కడే గేలం వేటకెళుతున్నాడు.

"అక్కా, ఎల్తన్నా."

"తిన్నావా?"

"నీ మరదలు పెట్టింది. నీకంటే బాగానే ఒండుద్ది."

"పోరా."

అంతే. ఎప్పుడొస్తావని అడగలేదు. ఎక్కించాను. సాయంత్రం పచ్చగా వెలిగింది. దండం పెట్టుకున్నాను, ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్న నేను ఆఫీసు తలుపు తీస్తుండగానే మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు ఇంటికి రాలేదు."

తెర తెరిచాను. వాడి వరస పచ్చగా ఉంది. ఆ రూలు పెట్టినదాన్ని నేను. అది తెలిసి కూడా నా నోరు ఏమందో వినండి. "వచ్చాడే. నిన్న ఆరింటికి వచ్చినట్టుంది. ఎవరింట్లోనో తాగి పడుకుని ఉంటాడు, రానీ చెబుతాను."

"ఒచ్చాడా?" అంది. ఆ గొంతులో దిగిన ఊపిరి నాకు వినిపించింది. "అమ్మయ్య. నిన్నటి కూర పారబొయ్యకుండా ఉంచాను వదినా."

ఫోన్ పెట్టి రెండు చలానాలు ఎక్కించాను. మూడోది తీస్తుండగా చెయ్యి ఆగిపోయింది. వాడు వచ్చాడని ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. ఎనిమిది నెలల కిందట, ఎవరి గురించీ కాకుండా, అందరి గురించీ.

సారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన విని తలుపు మూయించారు.

"నువ్వు పెట్టిన రూలు సంగతి ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. వెతికించండి సార్, ముందు వెతికించండి."

"ఇప్పుడు ఆ తెర అబద్ధం అని చెబితే, ఎనిమిది నెలల తెర అంతా అబద్ధమే. ఆఫీసరు నన్ను ఉంచుతాడా, నిన్ను ఉంచుతాడా? మధ్యాహ్నం దాకా చూడు. వస్తాడు. కుర్రాళ్ళు ఇలాంటివి చేస్తూనే ఉంటారు. నీకు కుర్చీ ఇచ్చింది ఎవరో మర్చిపోకు."

నేను మర్చిపోలేదు. అదే నా పాపం. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆ పూట సముద్రం నిమ్మళంగా ఉంది, వెతికితే కనబడే పూట.

ఆ కూర్చున్నంతసేపూ కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశాను, ఎంట్రీ మళ్ళీ తెరవమని. తెరిస్తే ఎరుపవుతుంది, ఎరుపైతే ఆఫీసరు తనే చూస్తాడు, నేనెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నా తెలివి అంతవరకే పోయింది.

"దీదీ, మూసిన ఎంట్రీ తెరవడం కుదరదు" అన్నాడు అవతలి పిల్లాడు, మర్యాదగానే, హిందీలో.

"భయ్యా, అది తప్పు ఎంట్రీ. మనిషి రాలేదు."

"సిస్టంలో వచ్చారని ఉంది కదా?"

"నేను పెట్టిన రూలు వల్ల."

"అయితే రూలు సరిగ్గానే పని చేసింది దీదీ. తాళం ఈ వెర్షన్‌లో కొత్తగా ఇచ్చాం. కస్టమర్లు చాలా మంది అడిగారు."

మధ్యాహ్నం దాటాక మరదలే ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది, ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని. ఆయన తన తెర చూపించాడట. "చూడమ్మా, నీ ఆదమీ నిన్న ఒడ్డుకి వచ్చాడు. సముద్రంలో లేనివాణ్ణి సముద్రంలో ఎలా వెతకమంటావు? పోలీస్ థానాకి వెళ్ళు." థానాలో రాసుకున్నారు: ఒడ్డుకి చేరిన తర్వాత ఇల్లు విడిచి వెళ్ళిపోయినట్టు.

మూడో రోజు ఎవరో జాలరులకి వాడి డింగీ దొరికింది, ఖాళీగా కొట్టుకుపోతూ. అప్పుడైనా కళ్ళు తెరుస్తారనుకున్నాను. ఒడ్డున సరిగ్గా కట్టక కొట్టుకుపోయిందని తేల్చారు. వచ్చాడని ఉంది కదా మరి.

ఇక ఊరి నోరు తెరుచుకుంది. వాడికెవరో ఉందన్నారు. మెయిన్‌లాండ్ ఓడెక్కాడన్నారు. కుళాయి దగ్గర ఒకామె మరదలి మొహం మీదే అడిగింది, "ఏటే, మొగుణ్ణి ఇంట్లో ఉంచుకోడం కూడా సేతకాలేదా నీకు?" నేను పక్కనే ఉన్నాను. నాకు తెలిసినది ఆ నీళ్ళ బిందె కంటే బరువుగా నా లోపలుంది, బయటికి తీయలేదు.

ఆశ్చర్యం ఏమంటే, మరదలు ఏడవడం మానేసింది. జుట్టు దువ్వుకుని, వాడి ఫొటో పట్టుకుని ఓడ టికెట్లిచ్చే చోటికి వెళ్ళి అడగడం మొదలుపెట్టింది. "ఓడెక్కితే ఎక్కనీ వదినా. దానితో ఉంటే ఉండనీ. నాలుగు రోజులుండి మొహం మొత్తి వస్తాడు. వచ్చాక నేను సూసుకుంటాను." కోపంతో ఆమె మొహం వెలుగుతోంది. బతికున్నవాడి మీద ఉండే కోపం అది.

నేను నాలుగో రోజు నోరు విప్పాను. పొద్దున్న దీపం పెట్టి సారు పేరు తలుచుకోబోతే నాలుక కదల్లేదు. తల్లి అక్కడే ఆపిందనుకున్నాను. స్నానం చేసిన తడి జుట్టుతోనే హార్బర్ ఆఫీసుకి వెళ్ళి, కాగితం అడిగి, హిందీలో రాశాను. నా తమ్ముడు తిరిగి వచ్చినట్టు ఏ మనిషీ చూడలేదని, ఆరు గంటలకి అందరూ వచ్చారని మూసేసే రూలు పెట్టింది నేనేనని, అది తెలిసి మూడు రోజులు దాచానని. సంతకం పెట్టాను.

ఆఫీసరు చదివాడు. "మొదటి పూట చెప్పి ఉంటే..." అని ఆగాడు. ఆ మాట పూర్తి చేయనందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను. అయిదో రోజు ఒక బోటు పంపారు. ఒక పూట తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. అప్పటికే వాన పట్టింది.

సారు నా లాగిన్ తీసేశారు. గది బయటే నిలబెట్టి మాట్లాడారు. "తమ్ముణ్ణి తిన్నావు, ఇప్పుడు నన్ను తినడానికొచ్చావా?" అన్నారు. నేను దండం పెట్టి వచ్చేశాను. ఆయన ఇచ్చిన కుర్చీకి ఇప్పటికీ కృతజ్ఞతే. ఆ కుర్చీలోంచి లేవకుండా కూర్చున్న పూట మాత్రం నాది, ఆయనది కాదు.

కొన్నాళ్ళకి కంపెనీ పిల్లాడు నా సొంత ఫోన్‌కి చేశాడు, సంతోషంగా. "దీదీ, కొత్త వెర్షన్ వస్తోంది. ఇక గడియారం తనంతట తను ఏ ఎంట్రీనీ మూయదు, ఒక మనిషి చూసి ఒప్పుకోవాలి. మీ కంప్లయింట్ వల్లే ఇచ్చారు. చాలా మంచి ఇంప్రూవ్‌మెంట్." నేను థాంక్స్ చెప్పాను. అలవాటు. ఇక ముందు ఎవరో ఒకణ్ణయినా వేళకి వెతుకుతారు కదా అనుకుని రెండోసారి నిజంగానే చెప్పాను.

కానీ నేను మోసేది అది కాదు.

నా కాగితం మీద ఆధారపడి, వాడు ఒడ్డుకి రాలేదనీ సముద్రంలో తప్పిపోయాడనీ థానా వాళ్ళు మార్చి రాసిచ్చారు. అది పట్టుకుని వాడింటికి వెళ్ళాను. పిల్లలు బయట ఆడుకుంటున్నారు. మరదలు పీట మీద కూర్చుని కత్తిపీటతో చేప కోస్తోంది. ఆమెకి చదువు రాదు.

"సదువు వదినా."

చదివి తెలుగులో చెప్పాను.

"ఆ ఒడ్డు మాట మళ్ళా సదువు."

మళ్ళీ చదివాను. ఒడ్డుకు చేరలేదు.

"అంటే ఓడెక్కలేదా?"

"లేదమ్మా."

"ఆడదెవరూ లేదా?"

"లేదు. వాడు అలాంటివాడు కాదు. ఆ నింద పోయింది, ఇక ఎవరూ నిన్ను ఒక మాట అనరు." నేనేదో మంచి మాట తెచ్చినట్టే చెప్పాను. నిజంగా అలాగే అనుకుని వెళ్ళాను కూడా.

ఆమె చేతులు కడుక్కుంది. చీర చెంగుకి తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా అంది. "ఆ నింద నిన్నెవరు తియ్యమన్నారు? ఆడదుంటే ఉండేది. నా కాళ్ళ మీద పడి ఏడుత్తా ఎప్పుడో వొచ్చేవోడు. నీ మిషను నా మొగుణ్ణి ఒడ్డుకి తెచ్చింది. నువ్వెల్లి మళ్ళా నీళ్ళల్లో పడేసొచ్చావు."

దేవుడి మాట చెప్పబోయాను, నోరు మూసుకోమని చెయ్యెత్తింది. అలా ఎత్తిన చేతిని దించకుండా నా ముందుకి చాపింది. ఎర్ర గాజులు, మోచేతి వైపు సగం దాకా.

మాలో ఆ పని ఇంటి పెద్ద ఆడదే చేయాలి. మా ఇంట్లో అమ్మ లేదు.

సబ్బు తెమ్మంటే ఆమే తెచ్చింది. నురగ పట్టించి ఒక్కొక్కటీ లాగాను. వచ్చినవాటిని పీట మీద వరసగా పెట్టింది. చివరి రెండూ పెళ్ళప్పటివి, పిల్లలు పుట్టాక చెయ్యి లావెక్కింది, మణికట్టు ఎముక దాటడం లేదు. నేను తిప్పుతుంటే చర్మం కమిలింది.

"నొప్పి పుడతన్నాది" అంది. "ఇరగ్గొట్టీ."

పచ్చడిబండ తీసుకుని విరగ్గొట్టాను.